పెనాల్టీ బాక్స్ గడప దగ్గరే ఆగిపోతున్న జట్టు

2025 మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో భారత ఫుట్‌బాల్ జట్టు ఆడిన మ్యాచ్‌ను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక మిత్రుడి ఇంటి వసారాలో పది పన్నెండు మందిమి కూర్చుని చూశాం. అంతకు ఆరు రోజుల ముందే అదే ఊళ్లో మాల్దీవులను 3-0తో ఓడించి, 489 రోజుల తర్వాత గెలుపు ముఖం చూసిన జట్టు కావడంతో మా ఆశలు పెద్దవిగానే ఉన్నాయి. మ్యాచ్ 0-0తో ముగిసింది. ఫలితం కన్నా ఆ గోల్ లేని తీరే మమ్మల్ని ఎక్కువగా కలచివేసింది. ఒకప్పుడు గంజాం, గజపతి మైదానాల్లో వింగర్‌గా, అంటే అంచున ఉండి దాడి చేసే ఆటగాడిగా ఆడిన పెద్దాయన ఒకరు రెండో సగం మధ్యలో నా వైపు తిరిగి, "చూశావేటి బావూ, బంతి వీధి గుమ్మం దాకా వచ్చి తలుపు కొట్టకుండానే ఎల్లిపోతంది" అన్నారు. ఆ తర్వాత జరిగిన మ్యాచ్‌లు చూసిన ప్రతిసారీ ఆ మాటే గుర్తుకొస్తోంది.

2027 ఆసియా కప్ అర్హత పోటీల్లో 2025 నవంబరు వరకు భారత్ ఆడిన అయిదు మ్యాచ్‌లను వరుసగా పెట్టి చూద్దాం. బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్ చేతిలో 0-1, సింగపూర్‌లో 1-1, గోవాలో అదే సింగపూర్ చేతిలో 1-2, ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. అయిదు మ్యాచ్‌లకు రెండే గోల్స్. అవి వచ్చిన తీరు ఇంకా ఆలోచింపజేస్తుంది. సింగపూర్‌లో సందేశ్ జింగన్ రెడ్ కార్డుతో వెళ్లిపోయాక పదిమందితో ఆడుతూ, 90వ నిమిషంలో ప్రత్యర్థి డిఫెండర్ తడబడి వెనక్కి ఇచ్చిన బంతిని అందుకుని రహీమ్ అలీ గోల్ చేశాడు. గోవాలో లాలియాన్‌జువాలా చాంగ్తే పెనాల్టీ బాక్స్ (గోల్ ముందు గీతలు గీసిన చోటు) వెలుపలి నుంచే బలంగా కొట్టి స్కోరు తెరిచాడు. ఒకటి ఎదుటివారి పొరపాటు, రెండోది ఒక ఆటగాడి సొంత చొరవ. పాస్‌లు అల్లుకుంటూ ప్రత్యర్థి రక్షణను విప్పి, బాక్స్ లోపల మనవాడు ముగించిన గోల్ ఆ అయిదు మ్యాచ్‌లలో ఒక్కటీ లేదు.

ఈ అయిదింటిలో తొలి రెండు మ్యాచ్‌లకు మనోలో మార్కెజ్ కోచ్, మిగతా మూడింటికి ఖాలిద్ జమీల్. వారికి ముందు ఇగోర్ స్టిమాక్ హయాంలో, 2024 జనవరి ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లు ఓడి ఒక్క గోల్ కూడా చేయలేదు. అదే ఏడాది జూన్‌లో స్ట్రైకర్ సునీల్ ఛెత్రి వీడ్కోలు మ్యాచ్‌గా కోల్‌కతాలో కువైట్‌తో జరిగిన పోరూ 0-0గానే ముగిసింది. ముగ్గురు కోచ్‌లు మారినా జబ్బు మారలేదంటే, దాన్ని ఏ ఒక్కరి తలకో చుట్టి ఊరుకోవడం న్యాయం కాదు.

ఆ జబ్బు, బంతి పోతుందేమోనన్న అతి జాగ్రత్త. అది మైదానంలో ఎలా కనిపిస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి. మైదానం పక్క గీత టచ్‌లైన్ దగ్గర వింగర్‌కు బంతి అందుతుంది. అతని వెనుక నుంచి అంచు డిఫెండర్ అయిన ఫుల్‌బ్యాక్ పరుగెత్తుకుని ముందుకు రావాలి, కానీ బంతి పోతే ప్రత్యర్థి వెంటనే ఎదురుదాడి (కౌంటర్ అటాక్) చేస్తాడన్న భయంతో సగం దారిలోనే నిలబడిపోతాడు. బాక్స్‌లో ఇద్దరు సెంటర్‌బ్యాక్‌ల (నడిమి డిఫెండర్ల) మధ్య ఒకే ఒక్క స్ట్రైకర్ ఉంటాడు, మిడ్‌ఫీల్డర్లు ఇంకా ఇరవై గజాల వెనకే ఉంటారు. వింగర్ తలెత్తి చూస్తాడు, లోపల ఒక నీలి చొక్కా, దాని చుట్టూ నలుగురు ప్రత్యర్థులు. బంతి వెనక్కి వెళ్తుంది, అక్కడి నుంచి అవతలి వైపుకు, మళ్లీ ఇవతలి వైపుకు. బంతి పోగొట్టుకున్న ప్రత్యర్థి చెల్లాచెదురుగా ఉండేది కొద్ది క్షణాలే, ఆ క్షణాలను మనం వెనక్కి ఇచ్చిన పాస్‌లోనే ఖర్చు చేసేస్తాం. వాళ్లు వరుస కట్టి నిలబడ్డాక, ఇక చేసేదేమీ లేక దూరం నుంచి బాక్స్‌లోకి ఎత్తుగా ఒక క్రాస్ వేస్తాం. దాన్ని పొడగరి డిఫెండర్ తలతో బయటకు కొడతాడు.

మొన్న ఆ పెద్దాయన నన్ను మహేంద్రతనయ ఒడ్డుకు దగ్గరలో ఉన్న మైదానానికి తీసుకెళ్లారు. ఏటి అవతల ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి కూడా అక్కడికి ఆడటానికి పిల్లలు వస్తారు. పద్నాలుగేళ్లుంటాయేమో, బూట్లకు తాడు చుట్టుకుని ఆడుతున్న ఒక కుర్రాడు కుడివైపున ఇద్దరిని దాటి గోల్ లైన్ దాకా దూసుకుపోయాడు. ఎదురుగా ఒక్క డిఫెండరే ఉన్నాడు. కుర్రాడు ఆగి, ఒకసారి గట్టు మీద నిలబడ్డ కోచ్ వైపు చూసి, బంతిని వెనక్కి తిప్పి ఇచ్చేశాడు. ఆట అయ్యాక ఎందుకలా చేశావురా అని అడిగితే, "బంతి పోతే మాస్టారు బయట కూసోబెడతారండి" అన్నాడు. గోల్ కొట్టకపోతే కూర్చోబెడతారా అంటే లేదన్నాడు. ఇందులో ఆ కోచ్‌ది కూడా తప్పనలేను, తను నేర్చుకున్నదే ఆయన నేర్పుతున్నారు. కానీ జాతీయ జట్టు వింగర్ షిల్లాంగ్‌లో ఎందుకు వెనక్కి తిరిగాడో నాకు ఆ కుర్రాడి మాటలోనే అర్థమైంది. పోయిన బంతికి శిక్ష ఉండి, చేయని ప్రయత్నానికి శిక్ష లేని చోట ఏ ఆటగాడైనా అదే పాస్ ఎంచుకుంటాడు.

ఈ భయం ఒక కారణమైతే, రెండో కారణం మా ప్రాంతం వాళ్లకు మరీ దగ్గరది. బరంపురం నుంచి రైలెక్కి భువనేశ్వర్ కళింగ స్టేడియానికి ఒడిశా ఎఫ్‌సీ మ్యాచ్‌లు చూడటానికి వెళ్లే తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ని. 2022-23 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్‌లో ఆ జట్టుకు డియెగో మౌరిసియో 12 గోల్స్ చేసి, ఎక్కువ గోల్స్ చేసినవారికిచ్చే గోల్డెన్ బూట్ అందుకున్నాడు, మరుసటి సీజన్‌లో రాయ్ కృష్ణ 13 గోల్స్ చేశాడు. గొంతు పోయేలా అరిచాం, ఆ ఆనందం నిజమైనదే. ఒకరు బ్రెజిల్ వాడు, మరొకరు ఫిజీ వాడు. 2024-25లో అత్యధికంగా 23 గోల్స్ చేసిన అలాద్దీన్ అజారై మొరాకో వాడు. 2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పుడు మైదానంలో ఆరుగురు విదేశీయులను ఆడనిచ్చేవారు, 2021-22 నుంచి నలుగురికి తగ్గించారు. అయినా ఆ నలుగురిలో ఒకరు దాదాపు ఎప్పుడూ స్ట్రైకరే. మన ఫార్వర్డ్‌లు వింగ్‌కో, బెంచికో జరిగిపోతారు. వారమంతా అంచున ఆడే మనిషి జాతీయ జట్టు చొక్కా వేసుకోగానే పెనాల్టీ బాక్స్ నడిమధ్య ధైర్యంగా నిలబడతాడని ఎలా అనుకోగలం? 2024లో వీడ్కోలు చెప్పిన ఛెత్రిని 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలవాల్సి రావడం, మాల్దీవులపై ఆయనే తన 95వ అంతర్జాతీయ గోల్ చేయడం చూస్తే ఈ కొరతకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది.

జాగ్రత్త ఆటకూ వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 2010 ప్రపంచ కప్‌ను స్పెయిన్ ఏడు మ్యాచ్‌లలో ఎనిమిది గోల్స్‌తోనే గెలిచింది, నాకౌట్‌లో నాలుగు మ్యాచ్‌లూ 1-0తోనే. ఆ జట్టు బంతిని వెనక్కి తిప్పినప్పుడు కూడా ముందున్న వాళ్లు కదులుతూనే ఉండేవారు, ఎదుటివాడి వరుసలో సందు ఎక్కడ పడుతుందోనని వెతికేవారు. మన పాస్‌లలో ఆ వెతుకులాట కనిపించదు. ఇక 2023 నవంబరు 21న భువనేశ్వర్‌లో ఆసియా ఛాంపియన్ ఖతార్‌తో ఆడినప్పుడు మనవాళ్లు భద్రంగా ఉండటంలో అర్థముంది. అక్కడా 0-3తో ఓడినా నాకు కోపం రాలేదు. దానికి అయిదు రోజుల ముందు కువైట్ సిటీలో, చాంగ్తే ఎడమవైపు నుంచి లోపలికి ఇచ్చిన బంతిని 75వ నిమిషంలో మన్వీర్ సింగ్ ఒక్క తన్నుతో గోల్‌లోకి పంపి జట్టును గెలిపించాడు. ఇద్దరూ మనవాళ్లే, బంతి లోపలికే వచ్చింది. అంటే చేతకాక కాదు.

పైగా ఈ భద్రత మనల్ని కాపాడుతున్నదీ లేదు. హాంకాంగ్‌లో మ్యాచ్ చివరి దాకా 0-0గా లాక్కొచ్చాం, అదనపు సమయంలో ఒక్క పెనాల్టీతో అంతా పోయింది. గోవాలో ముందంజలో ఉండి, విరామానికి ముందు ఒక గోల్, 58వ నిమిషంలో మరో గోల్ ఇచ్చుకున్నాం. ఢాకాలో 11వ నిమిషంలోనే గోల్ పడింది. దాదాపు ఎనభై నిమిషాలు చేతిలో ఉన్నా తిరిగి కొట్టలేకపోయాం. గోల్ కొట్టని జట్టు తొంభై నిమిషాలూ ఒక్క తప్పు కూడా చేయకుండా ఉండాలి, అది ఎవరి వల్లా అయ్యే పని కాదు.

నా మటుకు నేను జాతీయ జట్టు నుంచి మొదట అడిగేది ఒకటే. మనకన్నా మరీ పెద్దవి కాని జట్లతో ఆడేటప్పుడు, వింగర్ బంతితో గోల్ లైన్ చేరిన ప్రతిసారీ బాక్స్‌లో స్ట్రైకర్‌తో పాటు కనీసం మరో ఇద్దరు ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు మిడ్‌ఫీల్డర్ కావాలి. వెనుక ఖాళీ ఏర్పడితే ఏర్పడనివ్వాలి. క్లబ్‌ల స్థాయిలో సూపర్ కప్ వంటి పోటీల్లోనైనా స్వదేశీ స్ట్రైకర్‌ను కచ్చితంగా మొదటి పదకొండు మందిలో ఆడించే నియమం పెట్టాలి. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో సాయంత్రాలు పిల్లలతో పరుగులు పెట్టించే మాస్టార్లకు కూడా ఒక విన్నపం: గోల్ లైన్ దాకా వెళ్లి ఎదుట ఉన్నవాడిని దాటబోయి బంతి పోగొట్టుకున్న పిల్లవాడిని, మరుసటి ఆటలోనూ అదే కుడివైపున ఆడనివ్వండి.