మౌజర్ సీ96 గురించి చెలామణిలో ఉన్న ఆరు మాటలు, నిలిచేది ఒక్కటే

ట్రిగ్గర్ ముందు తూటాల పెట్టె, వెనుక చీపురు కట్ట పిడిలాంటి గుండ్రటి పట్టు ఉన్న ఒక పాత పిస్టల్ ఫొటో కింద ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. ‘ప్రపంచంలో మొట్టమొదటి సెమీ ఆటోమేటిక్ పిస్టల్ మౌజర్ సీ96. దీన్ని పాల్ మౌజర్ స్వయంగా రూపొందించాడు. జర్మన్ సైన్యం దీన్నే అధికారిక పిస్టల్‌గా స్వీకరించింది. ఇది వెయ్యి మీటర్ల దూరంలోని మనిషిని పడగొడుతుంది. దీని యంత్రాంగంలో ఒక్క మర (స్క్రూ) కూడా లేదు. చంద్రశేఖర్ ఆజాద్ చివరి పోరాటంలో ఆయన చేతిలో ఉన్నది ఇదే’ అన్నది దాని సారాంశం. మరల గురించిన మాట తప్ప తక్కినవేవీ నిలవవు. పిస్టల్ మీద చెక్కి ఉన్న పేరునూ అంకెలనూ పరీక్షించకుండా చరిత్రగా చదువుకోవడం వల్లనే ఈ పొరపాట్లలో చాలా భాగం పుట్టింది.

మొదటిది అన్న మాట సులువుగా తేలిపోతుంది. సెమీ ఆటోమేటిక్ అంటే పేలిన ప్రతిసారీ తనంతట తానే మరో తూటా నింపుకునేది. హ్యూగో బోర్కార్ట్ రూపొందించిన పిస్టల్‌ను బెర్లిన్‌లోని లుడ్విగ్ లోవే సంస్థ తయారుచేసింది. దాని పేరు సీ93 అన్నప్పుడే అది ఏ సంవత్సరానిదో తెలిసిపోతుంది. అంతేకాదు, మౌజర్ వాడిన 7.63 మి.మీ. తూటా బోర్కార్ట్ 7.65 మి.మీ. తూటా నుంచి వచ్చినదే. రెండింటి కొలతలూ దాదాపు ఒకటే. మౌజర్ వారు అందులో మందు బలం పెంచారు. తన తూటానే ముందున్న పిస్టల్ నుంచి తెచ్చుకున్న ఆయుధాన్ని మొట్టమొదటిది అనడం కుదరదు.

రూపకర్త విషయానికి వస్తే, జర్మనీలోని ఒబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ కర్మాగారంలో పనిచేసిన ఫిడెల్, ఫ్రీడ్రిక్, జోసెఫ్ ఫీడెర్లె అనే అన్నదమ్ములు దీనికి రూపమిచ్చారు. 1895 నాటి పేటెంట్ మాత్రం యజమాని పేరు మీద ఉంది. ఆ రోజుల్లో కర్మాగారాల పద్ధతే అది కనుక పాల్ మౌజర్‌ను నిందించనక్కరలేదు. అయితే పేటెంట్ కాగితం మీది పేరు చూసి పనిమంతుల పేర్లు చెరిపేయడం న్యాయం కాదు.

జర్మన్ సైన్యం సంగతి మరీ విచిత్రం. సీ96 వచ్చేనాటికి ఆ సైన్యం 1879, 1883 నమూనాల రివాల్వర్లను వాడుతోంది. వాటి స్థానంలోకి 1908లో వచ్చినది లూగర్ పిస్టల్. నౌకాదళం దాన్ని 1904లోనే తీసుకుంది. అంతకు ముందే, 1900లో, స్విట్జర్లాండ్ సైన్యం కూడా లూగర్‌నే ఎంచుకుంది. సీ96ను ఇటలీ నౌకాదళం వేల సంఖ్యలో కొన్నది గానీ, సొంత దేశపు సైన్యం మాత్రం దానికి అధికారిక హోదా ఇవ్వలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో లూగర్లు చాలక, 1916లో 9 మి.మీ. తూటా వాడే సీ96లకు 1,50,000 ఆర్డరు ఇచ్చారు. పాత 7.63 తూటాలు పొరపాటున నింపకుండా వాటి పిడి మీద ఎర్రటి ‘9’ అంకె చెక్కారు. అది కొరత తీర్చుకునే ఏర్పాటు మాత్రమే. నిజానికి ఈ పిస్టల్ సొంత డబ్బుతో కొనుక్కునే వారి వల్ల బతికింది. 1896లో బొంబాయి రేవులో పడవ దిగుతూ భుజం కీలు తొలగిన చర్చిల్ (తర్వాతి కాలపు బ్రిటన్ ప్రధాని), 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లోని ఒమ్దుర్మాన్ యుద్ధంలో కత్తికి బదులు పట్టుకున్నది ఇలాంటి మౌజర్‌నే.

అన్నిటికంటే ఎక్కువమందిని నమ్మించినది వెయ్యి మీటర్ల మాట. ఆ అంకె కల్పన కాదు. చాలా సీ96ల వెనుక సైట్ (గురి చూసే భాగం) మీద జారే పట్టీ పక్కన 1000 అని నిజంగానే చెక్కి ఉంటుంది. అయితే చెక్కిన అంకె వేరు, తగిలే గుండు వేరు. సుమారు 5.5 గ్రాముల గుండు సెకనుకు దాదాపు 430 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. లెక్క కడితే దాని శక్తి 500 జౌళ్ల పైచిలుకు, అంటే ఆనాటి జర్మన్ రైఫిల్ గుండు శక్తిలో దాదాపు ఆరో వంతు. ముందు సైట్ మొన వెడల్పు 1 మి.మీ. మాత్రమేననీ, అది కంటికి ముప్పావు మీటరు దూరంలో ఉందనీ అనుకుందాం. వెయ్యి మీటర్ల దూరాన ఆ మొన 1.3 మీటర్ల వెడల్పును కప్పేస్తుంది. మనిషి భుజాల వెడల్పు అర మీటరు. అంటే గురి చూడవలసిన మనిషి ఆ మొన వెనుక పూర్తిగా మాయమవుతాడు. కనపడని వాడికి గురి ఎలా పెడతారు? చెక్క ఒరను పిడికి తగిలించి భుజానికి ఆనించుకుంటే వంద మీటర్ల దాకా, చేయి తిరిగిన వాడైతే మరికొంత దూరం, ఉపయోగం ఉంటుంది. ఆ పై అంకెలను కొనుగోలుదారుడి కంటికి వేసిన గాలంగానే నేను చూస్తాను.

మరల మాట మాత్రం నిజం, అదీ మెచ్చుకోదగ్గ నిజం. బారెల్, దాని వెనుక పొడుగు పెట్టె ఒకే ఇనుప ముక్క; ఆ పెట్టెలో తూటా వెనుక మూతలా నిలిచే బోల్టు, బోల్టు కింద దాన్ని పట్టి ఉంచే చిన్న దిమ్మ ఉంటాయి. పేలగానే అన్నీ కలిసి కొద్దిగా వెనక్కి జరుగుతాయి. దిమ్మ కిందికి ఒరిగి బోల్టును వదులుతుంది. బోల్టు ఒంటరిగా వెనక్కి వెళ్లి ఖాళీ తొడుగును విసిరేసి, తిరిగి వస్తూ కొత్త తూటాను తోస్తుంది. పది తూటాలూ అయిపోతే బోల్టు తెరుచుకునే నిలబడుతుంది. తూటాలను వరసగా పట్టి ఉంచే రేకు క్లిప్‌తో పై నుంచి పది తూటాలు దించి ఆ ఖాళీ క్లిప్‌ను లాగేయగానే టక్కున మూసుకుంటుంది. ఈ భాగాలన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. మొత్తం పిస్టల్‌లో ఉన్న ఒకే ఒక మర పిడికి అటూ ఇటూ ఉన్న చెక్క పలకలను బిగించేది.

ఇక మన దేశపు ముచ్చట. మౌజర్‌కు మన విప్లవోద్యమంతో బలమైన సంబంధమే ఉంది, కాని అది కలకత్తాలో మొదలైంది. 1914 ఆగస్టు 26న ఆయుధాల వ్యాపారం చేసే రోడ్డా కంపెనీ గుమాస్తా ఒకరు కస్టమ్స్ నుంచి 202 పెట్టెలు విడిపించి, గిడ్డంగికి 192 మాత్రమే చేర్చారు. విప్లవకారుల చేతికి చేరిన తక్కిన పదింటిలో 50 మౌజర్ పిస్టళ్లు, 46,000 తూటాలు ఉన్నాయి. పిస్టల్‌ను ఉంచే పెట్టెను దాని పిడికి తగిలిస్తే రైఫిల్‌లా భుజం మీంచి కాల్చవచ్చని విప్లవ కార్యకలాపాలపై విచారణ జరిపిన రౌలట్ కమిటీ 1918 నాటి నివేదిక ప్రత్యేకంగా పేర్కొంది. ఆజాద్ విషయం వేరు. 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్‌లోని ఆల్ఫ్రెడ్ పార్కులో ఆయన చేతిలో ఉన్నది .32 బోర్ కోల్ట్ పిస్టల్. అది అలహాబాద్ మ్యూజియంలో ఉంది. అద్దం ముందు నిలబడిన ఎవరికైనా తేడా తెలుస్తుంది: దాని తూటాలు పిడి లోపలే ఉంటాయి, ట్రిగ్గర్ ముందు పెట్టె లేదు.