బంగారు ముద్ర చూసి కొనేయకండి
మొదటి పాత ఫౌంటెన్ పెన్ను కొనేటప్పుడు పాళీ మీద 14 క్యారెట్ల ముద్ర ఉంటే చాలు, ధైర్యంగా కొనొచ్చని ఈ మధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. బంగారం మెత్తన, కాగితం మీద నడిచేది దాని కొసన అతికించిన గట్టి లోహపు గింజ. అది ఒకవైపు అరిగిపోతే ఎన్ని క్యారెట్లున్నా అక్షరం గీరుకుంటూనే పోతుంది. భూతద్దంతో ముందు ఆ గింజనే చూడాలి. తర్వాత సిరా ఎలా ఎక్కుతుందో అడగాలి. 1941లో మొదలైన పార్కర్ 51 అనే పెన్నులో తొలి రకానికి సిరా పీల్చడానికి లోపల రబ్బరు పొర ఉంటుంది, అది పాడైతే మార్చక తప్పదు. 1948లో వచ్చిన ఏరోమెట్రిక్ రకంలో (లోపలి సిరా సంచిని నొక్కి నింపేది) ఆ సంచి చాలా పెన్నుల్లో ఇప్పటికీ బాగానే ఉంటోంది, కొత్తవాళ్లకు నేను అదే చెప్తాను. మన విశాఖలో ఉప్పుగాలి సంగతి కూడా ఉంది కదా. లీవర్ పెన్నుల్లో, అంటే పక్కనున్న చిన్న మీట ఎత్తి సిరా నింపేవాటిలో, సంచిని నొక్కే లోపలి స్టీలు పట్టీ తుప్పు పట్టినా బయటికి తెలియదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉన్న మా నాన్నగారి కాలం నాటి పెన్నుల్లో ఇది చాలాసార్లు చూశాను. లీవర్ బిగుసుకుపోయి ఉంటే దయచేసి బలవంతంగా ఎత్తొద్దు, విరుగుతుంది. నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను గోధుమరంగుకి తిరిగి ఉంటే శుభ్రం చేద్దామని వేడినీళ్లలో అస్సలు నానబెట్టొద్దు, ఉన్న నలుపు కూడా పోతుంది.