మోంటోయా చెయ్యి ఒకటే, మర్యాదలే వేరు

2007 మార్చి, మెక్సికో సిటీ. అమెరికా స్టాక్ కార్ల పోటీ నాస్కార్‌లో రెండో శ్రేణి అయిన బుష్ సిరీస్ రేసు. ఇంకా ఎనిమిది ల్యాపులే ఉన్నాయి. ముందు స్కాట్ ప్రూట్, వెనక హువాన్ పాబ్లో మోంటోయా. ఇద్దరూ చిప్ గనాసీ జట్టువాళ్లే. మొదటి మలుపు దగ్గర మోంటోయా లోపలివైపు సందులోకి కారు ముక్కు దూర్చాడు. ప్రూట్ ఎప్పటిలాగే లోపలికి తిరిగాడు. రెండు కార్లూ తగిలాయి, ప్రూట్ కారు గిర్రున తిరిగి ఆగింది. మోంటోయా రేసు గెలిచాడు. సొంత జట్టువాడి చేతిలోనే దెబ్బతిన్న ప్రూట్ టీవీ మైకుల ముందు మండిపడ్డాడు.

దానికి ఆరేళ్ల ముందు, 2001 ఏప్రిల్ 1న, బ్రెజిల్‌లోని ఇంటర్‌లాగోస్‌లో ఇదే మనిషి దాదాపు ఇదే పని చేశాడు. ఫార్ములా వన్‌లో అతనికది మూడో రేసు. అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ పక్కకు తప్పుకోగానే మైకేల్ షూమాకర్ ఫెరారీ పక్కన విలియమ్స్‌ను పెట్టి, బ్రేక్ ఆలస్యంగా నొక్కి, చక్రాలు రాసుకుంటుండగా లోపలి నుంచి దూసుకుపోయాడు. షూమాకర్ బయటికి జరగాల్సి వచ్చింది. ఆ రోజు టీవీ ముందు నేను లేచి నిలబడ్డాను. అప్పటికి మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయినవాడిని ఎవరైనా అలా తోసుకుని వెళ్లగలరని అంతవరకూ అనుకోలేదు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది.

ఒకచోట చప్పట్లు, ఇంకోచోట తిట్లు. దూకుడు డ్రైవర్ పుట్టుకతో తెచ్చుకునే గుణమని మనం అనేసుకుంటాం. నా లెక్కలో అది సగం నిజమే. మిగతా సగం ఆ సిరీస్‌లోని కారు, బ్రేకులు, అక్కడివాళ్లు ఏళ్ల తరబడి తమలో తాము కుదుర్చుకున్న మర్యాద. సిరీస్ మారిన డ్రైవర్‌కు కారు కంటే ఈ మర్యాద నేర్చుకోవడమే కష్టం. అది ఎక్కడా పూర్తిగా రాసి ఉండదు. తప్పు చేశాకే తెలుస్తుంది.

ముందు బ్రేకుల సంగతి చూద్దాం. ఎందుకంటే ఓవర్‌టేక్ అనేది చాలావరకు బ్రేక్ పెడల్ మీదే జరుగుతుంది. 1996లో లగూనా సెకా ట్రాక్ మీద అలెక్స్ జనార్డీ చివరి ల్యాప్‌లో బ్రయన్ హెర్టాను దాటిన తీరు అమెరికా రేసింగ్‌లో ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. అక్కడ కార్క్‌స్క్రూ అనే మలుపు ఉంది. గట్టు ఎక్కేదాకా అవతల ఏముందో కనిపించదు. ఎక్కాక ఐదంతస్తుల మేడ మీంచి జారినట్టు కిందికి, ముందు ఎడమకి, వెంటనే కుడికి. ఓవర్‌టేక్ చేసే చోటే కాదది. జనార్డీ లోపలి నుంచి దూకి, ట్రాక్ అంచున ఉండే కర్బ్ దాటి మట్టిలోకి వెళ్లి, ఎలాగో మళ్లీ ట్రాక్ మీదికొచ్చి గెలిచాడు. ఆ తర్వాత 1997, 1998లో వరుసగా కార్ట్ (చక్రాలు బయటికి ఉండే కార్ల అమెరికా సిరీస్) చాంపియన్ అయ్యాడు.

అంతటివాడు 1999లో విలియమ్స్ జట్టుతో ఫార్ములా వన్‌కు వెళితే సీజన్ మొత్తానికి ఒక్క పాయింటూ రాలేదు. పక్క కారులో ఉన్న రాల్ఫ్ షూమాకర్‌కు 35 పాయింట్లు. జనార్డీ ధైర్యం ఏడాదిలో ఎక్కడికీ పోలేదు, మారింది పాదం కింద ఉన్న వస్తువు. కార్ట్‌లో రోడ్ ట్రాకుల మీద స్టీల్ డిస్కులు. బ్రేక్ వేసే దూరం ఎక్కువ, ఆ దూరంలోనే ఎదుటివాడిని మోసం చేయడానికి సమయం దొరుకుతుంది. ఫార్ములా వన్‌లో కార్బన్ బ్రేకులు. వేడెక్కితే తప్ప పట్టవు, పట్టాయంటే చాలా తక్కువ దూరంలోనే కారు వేగం పడిపోతుంది. బ్రేక్ దూరం తగ్గితే మాటు వేసే చోటు కూడా తగ్గిపోతుంది. జనార్డీ బలమంతా ఆ చోటులోనే ఉండేది.

ఇక నాస్కార్ కారు పదిహేను వందల కిలోల పైచిలుకు ఇనుప బండి. చక్రాలు బాడీ లోపల దాక్కుని ఉంటాయి. బంపర్‌కు బంపర్ తగిలిస్తే పెద్దగా ఏమీ విరగదు. అందుకే ముందువాడి వెనక బంపర్‌ను కాస్త తట్టి, అతను జారిన సందులోంచి వెళ్లిపోవడం అక్కడ ఒప్పుకున్న విద్య. కానీ అక్కడ ఏం చేసినా చెల్లుతుందనుకోవడం పొరపాటు. 2024 ఆగస్టులో రిచ్మండ్‌లో ఆస్టిన్ డిల్లన్ చివరి మలుపుల్లో ముందు జోయీ లొగానోను, ఆ వెంటనే డెనీ హామ్లిన్‌ను గుద్ది గెలిచాడు. గెలుపు రికార్డుల్లో ఉంచారు గానీ దాని వల్ల రావాల్సిన ప్లేఆఫ్ (టైటిల్ కోసం జరిగే చివరి రౌండ్ల) అర్హతను తీసేశారు. తట్టడానికీ గుద్దడానికీ మధ్య గీత అక్కడా ఉంది. అక్కడ పుట్టిపెరిగినవాడికే ఆ గీత అందలేదంటే కొలంబియా నుంచి ఫార్ములా వన్ మీదుగా వచ్చినవాడి సంగతి ఎంత?

ఏ రోటికాడ ఆ పాట పాడాలంటారు. మోంటోయా పాట నేర్చుకున్నాడు, కానీ సగమే. 2007 జూన్‌లో సొనోమాలో 32వ స్థానం నుంచి మొదలుపెట్టి గెలిచాడు. ఆ ఆగస్టులోనే వాట్కిన్స్ గ్లెన్‌లో కెవిన్ హార్విక్‌తో గొడవపడి, ఇద్దరూ కార్లు దిగి ట్రాక్ మీదే ఒకరినొకరు నెట్టుకున్నారు. 2009లో ఇండియానాపొలిస్‌లో 160 ల్యాపుల్లో 116 ల్యాపులు ముందుండి, టైర్లు, ఇంధనం కోసం ఆగే పిట్ లేన్‌లో వేగం మించినందుకు పెనాల్టీ పడి రేసు పోగొట్టుకున్నాడు. నాస్కార్ అగ్రశ్రేణి అయిన కప్ సిరీస్‌లో ఏడు పూర్తి సీజన్లు ఆడి రెండే రేసులు గెలిచాడు. ఆ రెండూ కుడి ఎడమ మలుపులున్న రోడ్ ట్రాకులే. ఎప్పుడూ ఎడమకే తిరిగే గుడ్డు ఆకారపు ఓవల్ మీద ఒక్కటీ దక్కలేదు.

షేన్ వాన్ గిస్‌బర్గెన్ కథ దీనికి తిరగేసిన బొమ్మలా ఉంటుంది. మూడుసార్లు ఆస్ట్రేలియా సూపర్‌కార్స్ చాంపియన్ అయిన ఈ న్యూజీలాండ్ డ్రైవర్ 2023 జులైలో, షికాగో వీధుల్లో, వర్షంలో, తన తొలి నాస్కార్ కప్ రేసునే గెలిచాడు. తొలి రేసులోనే గెలవడం 1963 తర్వాత అదే మొదలు. అతని పాదాలను గమనించండి. చాలామంది ఎడమ కాలితో బ్రేక్ నొక్కుతుంటే, ఇతను కుడి పాదం ముందు భాగాన్ని బ్రేక్ మీద ఉంచి, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను తడతాడు. ఎడమ కాలు క్లచ్ మీద. గేరు దిగిన ప్రతిసారీ వెనక చక్రాలు కుదుపు లేకుండా నెమ్మదిస్తాయి. తడిసిన వీధిలో అది వరం. సొంతూరి కార్లలో స్టీరింగ్ కుడివైపు, ఇక్కడ ఎడమవైపు. గోడ ఎంత దూరంలో ఉందో కంటికి కొత్తగా నేర్పాలి. అయినా అంత తొందరగా కుదిరిందంటే కారణం ఒకటుంది. 2022లో నాస్కార్ తెచ్చిన కొత్త కారులో గేర్లు వరుసగా ఒక్కొక్కటే మారే సీక్వెన్షియల్ గేర్‌బాక్స్, విడివిడిగా కదిలే వెనక సస్పెన్షన్ ఉన్నాయి. కారే అతని దగ్గరికి నడిచొచ్చింది. మోంటోయాకు ఆ అదృష్టం లేదు. 2025లో వాన్ గిస్‌బర్గెన్ గెలిచిన ఐదు కప్ రేసులూ రోడ్ ట్రాకులు, వీధి ట్రాకులే. ఓవల్ మీద అతనూ అప్పటికి విద్యార్థే.

చక్రాలు బయటికి ఉండే కార్లకు ఈ తట్టుడు విద్య పనికిరాదు. ఒక చక్రం మరో చక్రం మీదికెక్కితే కారు గాల్లోకి లేస్తుంది. 2011 అక్టోబర్‌లో లాస్ వేగాస్ ఓవల్ మీద ఇండీకార్ అనే అమెరికా సిరీస్‌కు చెందిన 15 కార్లు గుద్దుకున్న ప్రమాదంలో డాన్ వెల్డన్ ప్రాణం పోయింది. ఇండీకార్‌లో తగలకూడదు అన్న మర్యాద వెనక ఉన్నది ఆ భయం. దాన్ని పిరికితనం అనేవాళ్లతో నేను ఏకీభవించను.

మనకు దగ్గరగా ఒకటి చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసులో పోల్ (మొదటి స్థానం) నుంచి మొదలుపెట్టిన మిచ్ ఎవాన్స్ జాగ్వార్‌ను, మూడో మలుపు దగ్గర అదే జట్టు డ్రైవర్ సామ్ బర్డ్ వచ్చి ఢీకొట్టాడు. జట్టు రెండు కార్లూ పోయాయి. గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. ఫార్ములా ఈలో బ్యాటరీ మిగిల్చుకోవడానికి అందరూ గుంపుగా వెళతారు, సందులు క్షణక్షణం తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఇరుకు వీధి మలుపులో తెరుచుకున్న ప్రతి సందూ దారి కాదు.

ఈ గీతను కాగితం మీద పెట్టాలని ఫార్ములా వన్ ప్రయత్నించింది. మలుపు నడిమధ్యకు చేరేసరికి ఎవరి ముందు చక్రాలు ముందున్నాయి అన్న కొలత పెట్టగానే, బ్రేక్ వదిలేసి ముందు అక్కడికి చేరిపోతే చాలు అన్న ఆట మొదలైంది. తర్వాత ఇద్దరూ ట్రాక్ బయటికి పోయినా ఫరవాలేదు. 2024లో ఆస్టిన్‌లో, మెక్సికోలో మాక్స్ వెర్‌స్టాపెన్, లాండో నోరిస్ పోరులో చూసింది ఇదే. మెక్సికోలో వెర్‌స్టాపెన్‌కు ఒకే రేసులో రెండు పది సెకన్ల పెనాల్టీలు పడ్డాయి. నన్నడిగితే చూడాల్సింది ఒకటే: ఆ వేగంతో దూరినవాడు ట్రాక్ మీద ఉండి మలుపు తిరగగలడా, పక్కవాడికి ఒక కారు పట్టేంత చోటు వదిలాడా?

అదే వెర్‌స్టాపెన్ 2025 సెప్టెంబర్‌లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ వెళ్లాడు. నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయినా అక్కడి పొడవైన పాత ట్రాక్ నార్డ్‌ష్లైఫ మీద జీటీ3 తరగతి వేగమైన కారు నడపాలంటే పర్మిట్ కావాలన్నారు. ముందు శక్తి తగ్గించిన పోర్షా కేమన్‌లో, వెనక నుంచి వచ్చే వేగమైన కార్లకు దారి ఇస్తూ తిరిగాడు. రెండు వారాల తర్వాత ఫెరారీ జీటీ3లో తొలి ప్రయత్నంలోనే రేసు గెలిచాడు. కొత్త చోట దారి ఎలా ఇవ్వాలో నేర్చుకున్నాకే దారి అడగాలన్న ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ప్రతి సిరీస్‌లోనూ ఉండాలి అది.

మోంటోయా నాస్కార్ వదిలి 2014లో మళ్లీ చక్రాలు బయటికి ఉండే కార్లకు, ఇండీకార్‌కు వచ్చాడు. 2015 ఇండియానాపొలిస్ 500లో మొదట్లోనే వెనక నుంచి ఇంకొకరు తగిలి కారు దెబ్బతింది, 30వ స్థానానికి పడిపోయాడు. 500 మైళ్ల రేసులో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, ఇంకా నాలుగు ల్యాపులుండగా ముందున్న డ్రైవర్ విల్ పవర్‌ను దాటాడు. గంటకు 350 కిలోమీటర్ల వేగం, పక్కపక్కన చక్రాలు, మధ్యలో జానెడు గాలి. మెక్సికోలో సొంత జట్టువాడిని గిర్రున తిప్పిన ఆ చెయ్యి, ఇక్కడా సొంత జట్టువాడినే, ఎక్కడా తగలకుండా దాటించింది.