దగ్గరి బంధువు పోషణార్థం

2022లో విదేశాల్లోని భారతీయులు స్వదేశానికి పంపిన సొమ్ము 11,100 కోట్ల డాలర్లు దాటిందనీ, ఒక్క ఏడాదిలో అంత సొమ్ము అందుకున్న దేశం అంతకుముందు మరొకటి లేదనీ ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. ఈ మహాయజ్ఞంలో నేను వేసిన సమిధ ఎంత అని బంధువులు అడిగినప్పుడల్లా నా ఫోనుకు సిగ్నల్ పోతూ ఉంటుంది. డాలస్‌లో ఎమ్మెస్ ముగించి, చదువు తర్వాత అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి కింద 90 రోజులకు మించి ఖాళీగా ఉండరాదన్న నిబంధనలో 61వ రోజు గడుపుతున్న నేను ఏటికి ఎదురీదే చేపల జాతికి చెందినవాణ్ణి. మా ఇంట్లో సొమ్ము తెనాలి నుంచి అమెరికాకు వస్తుంది.

అలా రావడానికి చట్టం అడ్డు చెప్పదు. రిజర్వు బ్యాంకు 2004లో 25,000 డాలర్లతో మొదలుపెట్టిన సరళీకృత పథకం ప్రకారం ఇప్పుడు దేశంలో నివసించే ఎవరైనా ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. ఈ సంగతి చెబితే మా నాన్న, ఇంత ఉదారంగా అనుమతి ఇచ్చినవాళ్ళు ఆ డాలర్లు కూడా ఇచ్చి ఉంటే బాగుండేదన్నారు. అయితే ఎందుకు పంపుతున్నారో బ్యాంకుకు ఇచ్చే ఏ2 అనే ఫారంలో చెప్పాలి. చదువు అయిపోయింది గనుక విద్య అని రాసే అర్హత నాకు లేదు. ఉద్యోగం దొరికేదాకా అనే గడి ఆ ఫారంలో లేదు. చివరికి 26 ఏళ్ళ వయసులో, ఇంజనీరింగులో రెండు పట్టాలతో, నేను ‘దగ్గరి బంధువుల పోషణ’ అనే పద్దులో స్థిరపడ్డాను. ఈ పద్దులో ఏడాదికి 10 లక్షలు దాటిన సొమ్ముపై 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుని, తర్వాత రిటర్నులో సర్దుకోమంటారు. అందువల్ల నా ఆకలిని మార్చి 31 దాకా ఒక విడతగా, ఏప్రిల్ 1 నుంచి మరో విడతగా విభజించుకోవలసిందని ఇంటి నుంచి ఆదేశం వచ్చింది.

పంపే పని మాత్రం ఆన్‌లైనే, అయిదు నిమిషాల్లో అయిపోతుందని యాప్ చెబుతుంది. వివరాలు నింపవలసినవాడు డాలస్‌లో, ఓటీపీ వచ్చే ఫోను తెనాలిలో, ఆ ఫోను చదవవలసిన కళ్ళజోడు పూజగదిలో ఉన్నప్పుడు అయిదు నిమిషాలంటే ఎంతో ఆ యాప్ రాసినవాళ్ళకు తెలిసినట్టు లేదు. నాన్న ఆరంకెలూ జాగ్రత్తగా, ఒక్కొక్కటి రెండుసార్లు చదివి వినిపించేసరికి గడువు తీరిపోయి, మళ్ళీ కొత్త అంకెలు వచ్చేవి. నాలుగోసారి ఆయన ‘ఇందాకటివే బాగున్నాయిరా’ అన్నారు.

సర్వీసు చార్జీ సున్నా అని ఆకుపచ్చ అక్షరాల్లో రాశారు. అది అబద్ధమని నేననను. చార్జీ నిజంగానే సున్నా. వాళ్ళు ఇచ్చే డాలరు ధర మాత్రం గూగుల్ చూపించే ధర కన్నా రూపాయిన్నర ఎక్కువ. ఉచితంగా బియ్యం ఇచ్చి సంచికి డబ్బు తీసుకునే పద్ధతి మనకు కొత్త కాదు గనుక నేను నొచ్చుకోలేదు. బ్యాంకులు ఈ ధరను నేటికీ టీటీ రేటు అంటాయి. అంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో కన్నుమూసినా, దాని పేరు మీద వసూళ్ళు నిరాటంకంగా సాగుతున్నాయి. ఇంత గౌరవం ఏ స్వర్గస్థుడికీ దక్కలేదు. ఇక 4 లక్షలు మార్చితే అందులో 2,500 రూపాయల సేవ జరిగినట్టు భావించి, ఆ భావన మీద 18 శాతం, అంటే 450 రూపాయలు, జీఎస్టీ వేస్తారు. జరిగిన సేవకు పన్ను చాలామందే వేస్తారు, జరిగినట్టు ఊహించిన సేవకు వేయడానికి కవిహృదయం కావాలి.

ఇన్ని గండాలు గడిచి 4,500 డాలర్లు బయలుదేరితే మూడో రోజున నా ఖాతాలో 4,475 కనిపించాయి. తక్కిన 25 ఏమయ్యాయని అడిగితే, దారిలో మధ్యవర్తి బ్యాంకు ఒకటి ఉంటుందనీ, అది మినహాయించుకుందనీ, అది ఏ బ్యాంకో తమకూ తెలియదనీ ఎంతో వినయంగా జవాబిచ్చారు. పెళ్ళిళ్ళ పేరయ్యకైనా పేరుంటుంది.

అంతా ముట్టిందనే నాన్నకు చెప్పాను. ఆయన రసీదును ఫైల్లో పెట్టుకున్నారు. నేను విమానమెక్కిన వారంలోనే కొని, అట్ట మీద స్వహస్తాలతో ‘అమెరికా నుంచి వచ్చిన సొమ్ము’ అని రాసుకున్న ఫైలు అది. ఇప్పటికి అందులో ఏ2 ఫారాలు పదకొండు చేరాయి. పేరు మార్చి రాయండి, ఎవరైనా చూస్తే బాగుండదని అమ్మ అంటే, ‘ఉండనీ, కొట్టేస్తే అట్ట పాడవుతుంది’ అన్నారట.