కారుకు సాక్ష్యం చెప్పే పనేమిటి?

రోడ్డు ప్రమాదంలో బతికి బయటపడ్డవాడికి పూర్వం ఒక వరం ఉండేది. ఏం జరిగిందో తనే చెప్పుకోవచ్చు. "నలభైలోనే వెళ్తున్నానండీ, బెల్టు పెట్టుకునే ఉన్నానండీ, బ్రేకు మీద నిలబడ్డానండీ." పోలీసు రాసుకునేవాడు, బీమా ఏజెంటు తలూపేవాడు, చుట్టాలు కాఫీ ఇచ్చి ఊరడించేవారు. ఇంతటి మౌఖిక సాహిత్యాన్ని అమెరికాలో కారులోనే ఉండే ఒక చిన్న డబ్బా (ఈవెంట్ డేటా రికార్డర్ అంటారు) మింగేస్తోంది. ఖండించే నాథుడు లేడు గనక ఆ బాధ్యత నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ద్రోహం జరిగే తీరు ఇదీ. కారు నడుస్తున్నంతసేపూ లోపలి కంప్యూటరు వేగమెంత, యాక్సిలరేటర్ ఎంత నొక్కారు, బ్రేకు తొక్కారా లేదా, బెల్టు పెట్టారా లేదా అని గమనిస్తూ, పాతవి చెరిపేస్తూ పోతుంది. ఏమీ జరక్కపోతే అంతా మర్చిపోతుంది. గుద్దుకుంటే మాత్రం చివరి ఐదు సెకన్లూ, అరసెకనుకొక లెక్కన, పదిలంగా దాచిపెడుతుంది. పాతకాలపు కరణమైనా దస్త్రం దిద్దడానికి ఎంతో కొంతకు ఒప్పుకునేవాడు. దీనికి ఆపాటి సంస్కారం కూడా లేదు.

పెద్దా చిన్నా చూడదు. 2007 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ జాన్ కోర్జైన్ ప్రయాణిస్తున్న వాహనం గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ప్రమాదానికి గురైంది. ఎడిసన్ తెలుగువాళ్ళకు బాగా తెలిసిన రోడ్డే. పరిమితి 65 మైళ్ళు, డబ్బా చెప్పింది 91. నడుపుతున్నది సాక్షాత్తూ పోలీసు!

మసాచుసెట్స్ లెఫ్టినెంట్ గవర్నర్ టిమ్ ముర్రే గతి మరీ దారుణం. 2011 నవంబరులో తెల్లవారకముందే ప్రభుత్వ ఫోర్డు కారు రోడ్డు దిగి నుజ్జయింది. ఆయన క్షేమం. పరిమితిలోనే వెళ్ళాననీ, బెల్టు పెట్టుకున్నాననీ చెప్పారు. చక్కటి కథ, అందరూ నమ్మారు కూడా. రెండు నెలలకు డబ్బా నోరు విప్పింది: వేగం 108 మైళ్ళు, బెల్టు లేదు. శుభమా అని సరిగ్గా అష్టోత్తరం! నిద్రపట్టేసి ఉంటుందని ఆయన సవరించుకున్నారు. 555 డాలర్ల జరిమానా పడింది. కారు కాస్త మౌనంగా ఉండి ఉంటే ఆ డబ్బు మిగిలేది కదా.

ఇక 2015లో అమెరికా చట్టం మనకు చేసిన ఉపకారం వినండి. ఈ సమాచారం కారు యజమాని సొత్తేనట. ఆయన ఒప్పుకోకుండా, కోర్టు చెప్పకుండా మామూలుగా ఇంకెవరూ తియ్యకూడదట. అంటే మన మీద చాడీలు చెప్పేదాన్ని వాయిదాల మీద కొనుక్కుని, పైగా అది మాదేనని మురిసిపోవాలి. యూరప్ ఆ మాత్రం మర్యాద కూడా పాటించలేదు. 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసి కూర్చుంది.

అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఐదు సెకన్లను 20కి పెంచుతూ నిబంధన తెచ్చింది. సెకనుకు పదిసార్లు రాయాలట. ఐదు సెకన్లలో మనిషి ఒకటో రెండో తప్పులు చేస్తాడు. ఇరవై ఇస్తే అది ఆత్మకథ.

సరే, రాసుకోండి. కానీ న్యాయంగా రాయండి. వేగానికి గడి ఉంది, బ్రేకుకు ఉంది, బెల్టుకు ఉంది. అడ్డొచ్చిన కుక్కకు లేదు. లోకంలో సగం ప్రమాదాలు ఆ కుక్క వల్లే జరుగుతున్నాయని డ్రైవర్లందరూ ముక్తకంఠంతో చెబుతుంటే ఈ వివక్ష ఏమిటి? కుక్క: అవును, కాదు. ఆ ఒక్క గడీ పెట్టండి. నింపే పని మాత్రం మాకు వదిలేయండి.