క్లాసులో కూర్చోనిస్తే క్రెడిట్లు ఇచ్చినట్టేనా?

సెమిస్టర్ మొదలయ్యే ముందల్లా ఉద్యోగస్తుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. దాని సారం ఇదీ: “హైదరాబాద్‌లో ఏ ప్రభుత్వ యూనివర్సిటీలోనైనా నచ్చిన క్లాసుకు వెళ్లి కూర్చోవచ్చు. మన పన్నులతో నడిచేవి కాబట్టి ఆపే హక్కు ఎవరికీ లేదు. దీన్నే ఆడిట్ అంటారు. ఫీజు లేదు, పరీక్ష లేదు. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు, క్రెడిట్లు అకడమిక్ బ్యాంకులో జమవుతాయి. రెజ్యూమేలో యూనివర్సిటీ పేరు రాసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే ఇదంతా ఇంట్లో కూర్చునే ఉచితం.”

పరీక్ష లేదన్న మాట నిజం. ఫీజు సంగతి చోటును బట్టి ఉంటుంది. మిగతాదంతా సగం విన్నవాళ్లు అల్లిన కథ. (క్రెడిట్లంటే కోర్సు పాసైతే డిగ్రీ లెక్కకు చేరే పాయింట్లు.) ఆడిట్ అన్న మాట లాటిన్‌లో వినడం అనే అర్థం నుంచి వచ్చింది. కోర్సు ఆడిట్ చేయడమంటే వినడం, అంతవరకే. ఆ వినడం కూడా ఎంతో విలువైనదే. గొడవంతా దానికి లేని కాగితాలు తగిలించడంతోనే వస్తోంది.

ముందు ‘హక్కు’ సంగతి. 1918లో పెట్టిన ఉస్మానియా రాష్ట్ర యూనివర్సిటీ, 1974లో వచ్చిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కేంద్రానిది. రెండూ ప్రజల సొమ్ముతో నడిచేవే, కాదనం. గాంధీ ఆసుపత్రి కూడా అంతే కదా, పన్ను కట్టామని ఆపరేషన్ థియేటర్‌లోకి నడిచి వెళ్లిపోతామా? క్లాసు అనేది అక్కడ పేరు నమోదైన విద్యార్థులది. బయటివాళ్లు కూర్చోవాలంటే పాఠం చెప్పే మాస్టారు ఒప్పుకోవాలి, కొన్ని డిపార్ట్‌మెంట్లలో హెడ్ కూడా సరేననాలి. కొన్ని యూనివర్సిటీల్లో ‘క్యాజువల్ స్టూడెంట్’ లాంటి పేర్లతో ఫీజు కట్టి నమోదయ్యే పద్ధతి ఉంది, కొన్నిచోట్ల అదీ లేదు. ఎవరైనా కాదంటే కారణం చెప్పాల్సిన పని కూడా వాళ్లకు లేదు. డిపార్ట్‌మెంట్లు పెట్టే సెమినార్లు, అతిథి ఉపన్యాసాలు వేరే. వాటిలో చాలావాటికి ఎవరైనా వెళ్లవచ్చు, నోటీసు బోర్డు చూసుకుంటే చాలు.

ఈ గందరగోళానికి ఒక మూలం మన ఎం.టెక్. సిలబస్‌లోనే ఉంది. జేఎన్‌టీయూ కింద ఎం.టెక్. చదివినవాళ్ల మెమోలో ‘ఆడిట్ కోర్సు’ అని ఉంటుంది. రిసెర్చ్ పేపర్ రాయడానికి ఇంగ్లీషు, విపత్తు నిర్వహణ, రాజ్యాంగం లాంటివి. ఆ వరుసలో క్రెడిట్ల గడిలో సున్నా ఉంటుంది. అది మెమోలోకి ఎక్కిందంటే ఆ విద్యార్థి అక్కడ అడ్మిషన్ తీసుకున్నాడు కాబట్టి. దాన్ని చూసి “మా తమ్ముడి మెమోలో ఉంది, నాకూ వస్తుంది” అనుకుంటే లెక్క తప్పుతుంది.

మరి బయటివాళ్లు అడగాల్సిన తీరు ఏమిటి? ఫార్వర్డ్‌లో ఈ ఊసే లేదు, అసలు పని మొత్తం ఇక్కడే ఉంది. సెమిస్టర్లు మామూలుగా జూలై, ఆగస్టు ప్రాంతంలో ఒకటి, జనవరి ప్రాంతంలో ఒకటి మొదలవుతాయి. టైమ్‌టేబుల్ బయటికి రాగానే, అంటే క్లాసులకు ఒకటి రెండు వారాల ముందు, మాస్టారికి మెయిల్ పెట్టాలి. క్లాసులు మొదలై మూడు వారాలయ్యాక అడిగితే ఎక్కువమంది వద్దంటారు. అది మొండితనం కాదు. అప్పటికి పాఠం పునాది దాటిపోతుంది, వెనకబడ్డవాళ్ల సందేహాలు తీర్చే భారం క్లాసు మీద పడుతుంది.

ఒక డేటా అనలిస్ట్ ఎకనోమెట్రిక్స్ (ఆర్థికశాస్త్రంలో వాడే గణాంక పద్ధతులు) వినాలనుకున్నాడనుకోండి. మెయిల్ ఏ భాషలో రాసినా అందులో ఈమాత్రం ఉంటే చాలు:

“నమస్కారం మాస్టారూ. నేను ఫలానా సంస్థలో డేటా అనలిస్ట్‌ని. ఈ సెమిస్టర్‌లో మీరు చెప్పే ఎకనోమెట్రిక్స్ కోర్సును క్రెడిట్ లేకుండా వినాలని ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా చదివాను. మంగళ, గురువారాల క్లాసులకు ఆఫీసులో అనుమతి తీసుకున్నాను. అసైన్‌మెంట్లు నా అంతట నేను చేసుకుంటాను, దిద్దమని అడగను. సర్టిఫికెట్ కూడా అడగను. అనుమతిస్తే మొదటి రోజు నుంచే వస్తాను.”

ఇందులో పని చేసే వాక్యాలు రెండే. ముందు చదవాల్సినవి చదివానన్నది ఒకటి, దిద్దమని అడగనన్నది ఇంకొకటి. మాస్టారి భయాలు కూడా ఆ రెండే. “మీ కోర్సులంటే నాకు చాలా ఆసక్తి” అని పది లైన్లు రాస్తే ఆ రెండూ తేలవు. వారంలో జవాబు రాకపోతే ఇంకొక్కసారి గుర్తు చేయవచ్చు, ఆపైన వదిలేయాలి. అనుమతి వస్తే ఆ మెయిల్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకోవాలి, గేటు దగ్గర సెక్యూరిటీకి చూపించేది అదే.

అనుమతి వచ్చినా దొరకనివి ఉంటాయి. కోర్సు వెబ్‌సైట్ లాగిన్, లైబ్రరీ కార్డు, ల్యాబ్‌లో సిస్టమ్ బయటివాళ్లకు సాధారణంగా ఇవ్వరు. ల్యాబ్‌లో 30 సిస్టమ్‌లు ఉండి 30 మంది నమోదై ఉంటే 31వ మనిషికి చోటెక్కడ? అందుకని ప్రాక్టికల్ బరువున్న కోర్సుకన్నా లెక్చర్ బరువున్నది ఎంచుకోవడం తెలివి. క్లాసులో ఉన్నంతసేపూ వెనక బెంచీ, మార్కులొచ్చే చర్చల్లో విద్యార్థులకే ముందు మాట. పాఠాన్ని అడగకుండా రికార్డు చేస్తే మరుసటి సెమిస్టర్‌కు ఆ మాస్టారు ఎవరినీ రానివ్వరు.

క్రెడిట్లు అకడమిక్ బ్యాంకులో జమ అవుతాయన్నది ఫార్వర్డ్‌లో అన్నిటికన్నా పెద్ద అబద్ధం. విద్యార్థి క్రెడిట్లు దాచుకునే ఆన్‌లైన్ ఖాతా అయిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనలు 2021లో వచ్చాయి. అందులో మనం చేసేది ఖాతా తెరవడం వరకే, డిజిలాకర్‌తోనే అయిపోతుంది. క్రెడిట్లు వేసేది సంస్థ. నమోదైన విద్యార్థి పరీక్ష పాసైతే ఆ సంస్థ అప్‌లోడ్ చేస్తుంది, అవి గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. మనంతట మనం ఒక్క క్రెడిట్ కూడా వేసుకోలేం. నమోదు లేదు, మూల్యాంకనం లేదు, గ్రేడు లేదు, అయినా జమ ఎంత పడుతుందని లెక్కలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

క్రెడిటే కావాలంటే దారి వేరే ఉంది. కేంద్రం 2017లో ప్రారంభించిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం, ఐఐటీలూ ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులు ఎన్‌పీటీఈఎల్. చేరడం, వీడియోలు చూడడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే విడిగా పరీక్షకు రిజిస్టర్ చేసుకుని సెంటర్‌కు వెళ్లి రాయాలి. ఎన్‌పీటీఈఎల్‌లో ఈ మధ్య సెమిస్టర్ల ఫీజు కోర్సుకు 1000 రూపాయలు. చాలామంది ఇక్కడే రెండు చోట్ల దెబ్బ తింటారు. మొదటిది, పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు కోర్సు మధ్యలోనే ముగిసిపోతుంది. “కోర్సు పూర్తయ్యాక చూద్దాంలే” అనుకున్నవాళ్లకు తలుపు మూసి ఉంటుంది. రెండోది, పాస్ లెక్క. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. రెండింటిలో విడివిడిగా కనీస మార్కులు రావాలి, అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30. అసైన్‌మెంట్లలో 24 తెచ్చుకుని పరీక్షలో 28 దగ్గర ఆగినవాళ్లకు మొత్తం 52 వచ్చినా సర్టిఫికెట్ రాదు. 12 వారాల కోర్సులో అసైన్‌మెంట్లలో మెరుగైన 8 మాత్రమే లెక్కకు తీసుకుంటారు కాబట్టి ఒకటి రెండు వారాలు ఆఫీసు పని ఒత్తిడిలో తప్పిపోయినా కంగారు పడనక్కర్లేదు.

ఇక డిగ్రీకి కలుపుకోవడం. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చేయనివ్వవచ్చు. అదైనా ఏదో ఒక యూనివర్సిటీలో చదువుతూ, ఆ యూనివర్సిటీ ఆ కోర్సును ఒప్పుకుంటేనే.

రెజ్యూమేలో యూనివర్సిటీ పేరు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి. హైటెక్ సిటీ కంపెనీల్లో ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. ‘ఎడ్యుకేషన్’ గడిలో యూనివర్సిటీ పేరు కనపడగానే వెరిఫికేషన్ ఏజెన్సీ హాల్‌టికెట్ నంబరు, మెమో అడుగుతుంది, లేదంటే నేరుగా యూనివర్సిటీకే రాస్తుంది. అక్కడినుంచి “ఈ పేరుతో రికార్డు లేదు” అని జవాబు వస్తే రిపోర్టులో తేడా అని పడుతుంది. మనం నిజంగానే 60 గంటలు కూర్చుని విన్నామన్నది ఆ రిపోర్టుకు పట్టదు. అందుకే ఆడిట్ చేసినది ఎడ్యుకేషన్ కింద రాయకూడదు. ‘ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్’ అని వేరే శీర్షిక పెట్టి, కోర్సు పేరు, ఏ సెమిస్టర్, ‘క్రెడిట్ లేకుండా విన్నది’ అని స్పష్టంగా రాయాలి. కింద ఆ కోర్సుతో చేసిన పని ఒకటి చూపిస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాని గురించే అడుగుతారు. ఆఫీసులో ఫీజు తిరిగిస్తారు కదా అనే ఆశ కూడా వద్దు. రసీదు, సర్టిఫికెట్ లేనిదే ఆ క్లెయిమ్ కదలదు.

పరీక్ష లేదు కాబట్టి తేలిక అన్నది ఇంకో మాట. నాలుగు క్రెడిట్ల కోర్సంటే వారానికి నాలుగు గంటల చొప్పున 15 వారాలు, 60 గంటలు. ఇంటి దగ్గర కనీసం అంతే చదవాలి. జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ కూడా క్రెడిట్‌కు 30 గంటల శ్రమనే లెక్కగడుతుంది, అంటే 120. ఇప్పుడు దారి కలపండి. వారానికి నాలుగు రోజులు, ఒక్కో వైపు ముప్పావు గంట వేసుకున్నా వారానికి ఆరు గంటలు, సెమిస్టర్‌కు 90. క్లాసులో గడిపేదానికన్నా ట్రాఫిక్‌లో గడిపేది ఎక్కువ! సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో మెయిన్ గేటు నుంచి డిపార్ట్‌మెంట్ దాకా ఉన్న దూరం ఇందులో కలపలేదు. రెండు రోజుల్లో నాలుగు గంటలూ అయిపోయే కోర్సు దొరికితే ఆ 90 సగమవుతుంది, కాబట్టి సిలబస్ కన్నా ముందు టైమ్‌టేబుల్ చూడాలి.

పరీక్ష లేకపోవడమే ఆడిట్‌కు ఉన్న అసలు బలహీనత. మానేసినా ఎవరూ అడగరు. ఆఫీసులో ఒక వారం బిజీ వస్తుంది, రెండు క్లాసులు పోతాయి, మూడోదానికి వెళితే ఏమీ అర్థం కాదు. మిడ్ పరీక్ష పేపర్ తీసుకుని ఇంట్లో టైమ్ పెట్టుకుని రాసేవాళ్లు చివరిదాకా నిలుస్తారు.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ అక్కర్లేదు. ఈడీఎక్స్ అనే కోర్సుల సైట్‌లో ఆడిట్ చేస్తే చాలా కోర్సుల్లో గ్రేడెడ్ అసైన్‌మెంట్లు తాళం వేసి ఉంటాయి, పాఠాలు కూడా కొన్ని వారాలే తెరిచి ఉంటాయి. అలాంటిదే అయిన కోర్సెరాలో ఇప్పుడు చాలా కోర్సులకు మొదటి మాడ్యూల్ మాత్రమే ఉచితం. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ పూర్తిగా ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు, సర్టిఫికెట్ అసలు ఇవ్వదు.

ఒక్కచోట మాత్రం ఆడిట్ చేసిన గంటలు కాగితం మీద పనికి వస్తాయి. పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు దాన్ని నిలుపుకోవడానికి మూడేళ్లలో 60 పీడీయూలు (వృత్తి నైపుణ్యానికి వెచ్చించిన గంటల లెక్క) చూపించాలి, వాటిలో 35 చదువు కింద ఉండాలి. తమ రంగానికి సంబంధించిన కోర్సు విన్న గంటలను గంటకు ఒకటి చొప్పున అక్కడ నమోదు చేయవచ్చు. చార్టర్డ్ అకౌంటెంట్లకు అలా కాదు. ప్రాక్టీసులో ఉన్న, 60 ఏళ్లలోపు వాళ్లకు మూడేళ్లలో 120 గంటల వృత్తి శిక్షణ ఉంటే అందులో 60 వాళ్ల సంస్థ ఐసీఏఐ గుర్తించిన కార్యక్రమాల్లోనే రావాలి. డాక్టర్ల సీఎంఈకి (నిరంతర వైద్య విద్యకు) మెడికల్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న సభలే లెక్క. పీడీయూలు నమోదు చేశాక ఆధారాలు చూపమని అడగవచ్చు కాబట్టి, మాస్టారి అనుమతి మెయిల్, కోర్సు ప్లాన్, ఏ తేదీన ఏ పాఠం ఎన్ని గంటలు విన్నారో ఆ రోజే రాసుకున్న నోట్‌బుక్, ఈ మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోవాలి.