ఏ ఎంసీయూ ఫైలు పడితే అది పనికిరాదు
కారు ఆండ్రాయిడ్ స్టీరియోల గురించిన ఒక వ్యాసంలో, స్క్రీన్ సైజు, మోడల్ ఒకటైతే ఏ ఫర్మ్‌వేరైనా (యూనిట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించుకోవచ్చని రాశారు. ఎంటీసీడీ, ఎంటీసీఈ రకం ఆండ్రాయిడ్ స్టీరియోలకు ఇది ప్రమాదకరమైన సలహా. వాటిలో ఆండ్రాయిడ్ వేరు. రేడియో, బటన్లు, సౌండ్, రివర్స్ కెమెరా చూసుకునే ఎంసీయూ (విడిగా ఉండే చిన్న కంట్రోల్ చిప్) వేరు, దాని ఫర్మ్‌వేర్ ఫైలూ వేరు. ఆండ్రాయిడ్ పాడైతే చాలాసార్లు రికవరీ మోడ్‌లోంచి మళ్లీ ఎక్కించవచ్చు. ఎంసీయూ ఫైలుకి మాత్రం మీ యూనిట్ తయారీదారు కోడ్ కచ్చితంగా కలవాలి. సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో ఎంటీసీఈ పక్కన కనిపించే జీఎస్, కేఎల్‌డీ లాంటి అక్షరాలే ఆ కోడ్. తేడా వస్తే సౌండ్ పోవచ్చు, బటన్లు పనిచేయకపోవచ్చు, ఒక్కోసారి యూనిట్ అసలు ఆన్ కాదు. అందుకే ముందు ఫ్యాక్టరీ సెట్టింగ్స్ తెరిచి (పాస్‌వర్డ్ చాలావాటికి 126) కాన్ఫిగ్‌ని (యూనిట్ సెట్టింగ్స్ ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. క్యాన్‌బస్ (కారు ఎలక్ట్రానిక్స్‌తో స్టీరియోని కలిపే లైన్) రకం, రేడియో చిప్ ఎంపికలు అందులోనే ఉంటాయి. ఫైలు ఎక్కించే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి. కారు బ్యాటరీ వీక్‌గా ఉంటే ఆ రోజు మొదలుపెట్టకండి, మధ్యలో కరెంటు తెగితే ఎంసీయూ సగం రాసి ఆగిపోతుంది.